చీపురుతో ఎదురు

అది ఎనభయ్యారు ఏప్రిల్. ఆ ఉదయం మావారికి కాలు ఒకచోట నిలవలేదు. కాఫీ రెండుసార్లు చల్లారింది. పదింటికి హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి ముందు ఆయన స్కూటరు పెట్రోలు లేకుండా, హైడ్రోజనుతో నడిచి చూపించాలి. బ్రాడీపేటలోని మా ఇంటి నుంచి కాలేజీదాకా నడిస్తే పరిశోధన బతుకుతుంది. లేకపోతే కాలేజీలో ఆయన ప్రయోగాల గదికి తాళమే అన్నాడు ప్రిన్సిపాలు. మూడేళ్ళ కష్టం అది.

కెమిస్ట్రీ లెక్చరర్‌ని కట్టుకుంటే ఇంట్లోనూ పాఠాలు తప్పవు. పత్తిగింజల నూనెను వనస్పతిగా గడ్డకట్టించే వాయువే ఇదీ. కాలితే పొగ రాదు, నీటి ఆవిరే. ఎండలో మంట కూడా కనపడదు. అందుకే బయల్దేరేముందు సిలిండరు నుంచి ఇంజనుకు వెళ్ళే గొట్టం వెంట చీపురు తిప్పమని నాకు చెప్పారు. మంట ఉంటే పుల్లలు అంటుకుంటాయి. ఆ చెప్పిన మనిషే తొందరలో సిలిండరు మర తెరిచేసి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తారు.

నేను చీపురుతో వాకిట్లోకి రాగానే అత్తయ్య శ్యామలాంబగారు కస్సుమన్నారు.

"శుభమా అని వాడు బయల్దేరుతుంటే చీపురు ఎదురా? అది అవతల పారేసి మంచినీళ్ళ బిందెతో ఎదురురా."

"బండి దగ్గరికి నిప్పు మాత్రం తేకండి అత్తయ్యా."

"నిప్పు లేకుండా హారతేమిటే?"

నాకు ఒళ్ళు మండింది. అయినా చీపురు గుమ్మం పక్కన పెట్టి, నోరు మూసుకుని లోపలికి వెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం.

బిందె నింపుతుంటే 'టప్'మని చిన్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూద్దును కదా, అత్తయ్య హారతిపళ్ళెం పట్టుకుని వెనక్కి జరుగుతున్నారు. కర్పూరం ఆరిపోయింది. బండి దగ్గర మంటా లేదు, పొగా లేదు. మావారు వాచీ చూసుకుంటూ వచ్చి, గొట్టం బిగింపు సరిచూడటానికి చెయ్యి చాపారు.

బిందె వదిలేశాను. చీపురు అందుకుని ఆయన చేతికన్నా ముందు అక్కడ పెట్టాను. ఏమీ లేనిచోట పుల్లలు భగ్గుమన్నాయి.

ఆయన సిలిండరు మర కట్టేశారు. వదులైన బిగింపు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అత్తయ్య అంతసేపూ కాలిన పుల్లల్ని వేలితో తాకి చూస్తూ అరుగుమీద కూర్చున్నారు.

తొమ్మిదీ ముప్పావు అయింది. ఆయన మళ్ళీ మర తెరిచారు. నేను మళ్ళీ నింపిన బిందె ఎత్తుకోబోయాను.

"అది అక్కడ పెట్టవే," అన్నారు అత్తయ్య. "చీపురుతో ఎదురురా. నెమ్మదిగా రా."