మడత విప్పిన కాగితం

హోటళ్ల దుప్పట్లు ఉతికే కార్ఖానాలో ఆమె ఇరవై రెండేళ్లుగా మడతల బల్ల దగ్గరే పని చేస్తోంది. అందరూ మడతలక్క అంటారు. ఎవరో మడిచిన దుప్పటి చేతికొస్తే ముందు విప్పి చూస్తుంది, తర్వాతే మళ్లీ మడుస్తుంది. మరక ఎప్పుడూ పై మడతలో ఉండదు. అది హోటల్లో బయటపడితే తిట్లు ఆమెకే.

తక్కువ కూలి పనివాళ్లకు హక్కులు నేర్పమని ఒక సంస్థకు ఎక్కడినుంచో నిధులొచ్చాయి. రోజు కూలి పోకుండా ఉండాలని శిక్షణ ఆదివారం పెట్టారు. వాళ్లకున్న ఒక్క సెలవూ అలా పోయింది. పద్దెనిమిది మంది ఆడవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. గోడ మీద బ్యానరులో రెండు చేతులు సంకెళ్లు తెంచుకుంటున్నాయి. ఆ చేతుల గోళ్లు మహా శుభ్రంగా ఉన్నాయి.

నేర్పే పిల్ల మడతలక్క చెల్లెలి కూతురే. ఆర్నెల్లుగా ఆ సంస్థలో తాత్కాలికం. కాగితాలు సరిగ్గా వెళ్తే రెండో విడత నిధులొస్తాయి, అవొస్తే ఉద్యోగం ఖాయం చేస్తానని డైరెక్టరు మాటిచ్చాడు. చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసింది. “అక్కా, అక్కడ నోరు మూసుకుని కూర్చో. పిల్ల బతుకు.”

పిల్ల బాగానే చెప్పింది. “చదవకుండా సంతకం పెట్టకండి. ఎంత తొందరపెట్టినా, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.”

“మా ఆయన అడిగినా?” అంది ఇస్త్రీ చేసే ఆమె.

“ముందు ఆయనకే పెట్టకు పిన్నీ!”

అందరూ నవ్వారు. డైరెక్టరు ఆ నవ్వులను ఫోటో తీసుకున్నాడు.

చివర్లో పిల్ల మూడు హాజరు కాగితాలు తెచ్చింది. పై భాగం వెనక్కి మడిచి ఉంది. పేర్లూ, సంతకాల గళ్లూ మాత్రం కనిపిస్తున్నాయి. “తలా మూడు సంతకాలు పెట్టేయండి. మళ్లీ బస్సు దొరకదు.”

ముందు వరసలో ఉంది కాబట్టి కాగితాలు మడతలక్కకే వచ్చాయి. ఆమె పెన్ను తీసుకుంది. చేతులు వాటంతటవే మడత విప్పాయి.

“ఏంటి పెద్దమ్మా, విప్పుతున్నావ్?”

“అలవాటే. మరకుందేమోనని.”

అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. మొదటి కాగితం మీద ఆ రోజు తారీఖే ఉంది. రెండోది రెండు వారాల తర్వాతది. మూడోది వచ్చే నెలది.

“అమ్మాయ్, ఈ ఆదివారాలు ఇంకా రాలేదుగా?”

“మూడూ ఒకదానికి కాపీలేనని సార్ అన్నారు...”

“నువ్వు విప్పి చూశావా?”

పిల్ల డైరెక్టరు వైపు చూసింది.

“వచ్చే నెల నేనుంటానో లేదో గానీ, నా సంతకం మాత్రం ముందే వచ్చి కూర్చుందన్నమాట!” అంది ఇస్త్రీ ఆమె.

డైరెక్టరు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. “చిన్న విషయం అమ్మా. నిధులు ఆలస్యమయ్యాయి, కాగితాలు మాత్రం ముందే పోవాలి. ఇదంతా మీ కోసమే కదా.”

“మా సూపర్‌వైజరూ అదే అంటాడు బాబూ,” అంది మడతలక్క.

పిల్ల వంగి చెవిలో అంది. “పెద్దమ్మా, ఈ ఒక్కసారికీ. నా ఉద్యోగం.”

మడతలక్క పెన్ను మూత తీసింది. మొదటి కాగితం మీద సంతకం పెట్టింది. మిగతా రెండూ అంచుకు అంచు కలిపి మడిచి, పిల్ల చేతిలో పెట్టింది. “వీటికి ఆ రోజుల్లోనే వస్తాం. పాఠం నువ్వే చెప్పాలి మరి.”

మిగతా పదిహేడు మందీ ఒక్కో సంతకమే పెట్టారు.

సోమవారం డైరెక్టరు పిల్లను గదిలోకి పిలిచాడు. కోప్పడలేదు. మడిచిన కాగితం ఒకటి ముందుకు తోశాడు. “ఇక్కడ నీ సంతకం చాలు.”

పిల్ల మడత విప్పింది. మూడు శిక్షణలూ నేనే నిర్వహించాను అని ఉంది.

“నా మీద నమ్మకం లేదా?”

“ఉంది సార్,” అని పెన్ను మూత పెట్టేసింది.

అయినా నిధులిచ్చేవాళ్లకు నివేదిక వెళ్లింది. ఎవరి సంతకాలతో వెళ్లిందో అక్కడ ఎవరూ విప్పి చూడలేదు. శిక్షణ వల్ల వచ్చిన మార్పేమిటి అన్న గడిలో డైరెక్టరు తన చేత్తోనే రాశాడు: ఈ కార్మికులు ఇప్పుడు చదవకుండా సంతకం పెట్టడం లేదు. నిధులిచ్చేవాళ్లకు ఆ ముక్క తెగ నచ్చింది. రెండో విడత త్వరగా వచ్చింది. పిల్ల స్థానంలో కొత్తమ్మాయి కూడా వచ్చింది.

ఇప్పుడు పిల్ల కార్ఖానాలో మడతల బల్లకు అవతలివైపు నిలబడి, దుప్పటి రెండు కొసలూ పట్టుకుంటోంది.

“బిగించి పట్టుకో,” అంది మడతలక్క. “మీ అమ్మ నన్ను తిడుతోందా?”

“లేదు పెద్దమ్మా. నీతో మాట్లాడనంది, అంతే.”

“సరే. విప్పు.”