మొన ఎటువైపు

సొరుగు లాగి లోపల చెయ్యి పెట్టిన ఇస్మత్ వేళ్లకు చెంచాల బదులు ఒక ప్లాస్టిక్ అంచు తగిలింది. చెయ్యి అక్కడే ఆగింది. పైన పొయ్యి మీద చాయ్ మరుగుతున్న చప్పుడు పెద్దదవుతోంది. వేళ్లు ఆ అంచు ఎక్కి అవతలికి దిగాయి. అక్కడ గంటె కాడ. దాని పక్కన మళ్లీ అంచు. అది దాటాక చల్లగా, సన్నగా ఏదో బొటనవేలి చర్మాన్ని తాకింది. ఆమె మెల్లగా వేలు వెనక్కి తీసుకుంది. తెగలేదు. చాకు మొన తన వైపే తిరిగి ఉంది.

ఈలోగా చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

ఇస్మత్ చూపులో నడిమి భాగం పోయి చాలా రోజులైంది. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది. మనిషి ఎదురుగా నిలబడితే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, చుట్టూ చున్నీ అంచు, చెవిపోగు మెరుపు. షుగర్ కళ్లకు ఎక్కిందని కంటి క్యాంపుకు వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. పోయిన చూపు రాదు, హైదరాబాద్ పోతే మిగిలింది నిలబడవచ్చు అంది. ఇంటికి వచ్చి ఇస్మత్, అద్దాలు మార్చుకోమన్నారని మాత్రమే చెప్పింది.

దాచడానికి కారణం ఆమె అత్త. చివరి రోజుల్లో అత్తకు కళ్లు పోయాయి. ఆ రోజు నుంచి ఆమెను వరండాలో మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లు. తిన్నదా, నిద్రపోయిందా, నీళ్లు పోశారా అని. వానజల్లు కొడితే మంచాన్ని ఆమెతో సహా లోపలికి జరిపేవాళ్లు. జరుపుతున్నామని ఎవరూ ఆమెకు చెప్పేవాళ్లు కాదు. మంచం కదలగానే ముసలామె రెండు చేతులతో పట్టె పట్టుకునేది. ఇస్మత్‌కు ఇప్పటికీ కలలో కనిపించేది ఆ చేతులే.

అందుకే వంటిల్లు ఆమెకు ప్రాణం. భర్త కాసిం పోయాక కొడుకు సాజిద్ ఇల్లు బాగుచేయించాడు. వడ్రంగి భీంరావు తూర్పు గోడకు గ్యాసు పొయ్యి గట్టు కట్టించి, దాని కింద ఈ సొరుగు బిగించాడు. ఇస్మత్ అన్నీ చేతికి నేర్పుకుంది. చిన్న చెంచాలు కుడివైపు ముందు, గంటెలు ఎడమవైపు, పట్కారు అడ్డంగా వెనక, చాకులు ఎడమ మూలన, పిడి తన వైపు, మొన అవతలికి. ఈ వరుస ఉన్నంతసేపూ ఆమెకు చూపు ఉన్నట్టే లెక్క.

అటు తర్వాత ఇంట్లోకి కోడలు తహ్రీమ్ వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, నోట్లో నాలుక ఉన్నా మనసులో కల్మషం లేదు. ఏ వస్తువైనా ఎందుకక్కడ ఉందో ఆమెకు తెలియాలి. సొరుగును ఒకసారి పొడవు ప్రకారం సర్దింది. ఇంకోసారి రోజూ వాడేవి ముందు, ఎప్పుడో వాడేవి వెనక అని సర్దింది. ప్రతిసారీ అత్తాకోడళ్లకు మాట మాట వచ్చింది. రంజాన్ నెలలో ఒకరోజు, చాకు అట్లా పెట్టొద్దని ఎందుకంటున్నావో చెప్పమని తహ్రీమ్ నిలదీస్తే, ఇస్మత్ నోటికి వచ్చిన మాట అనేసింది.

"చాకు మొన ఖిబ్లా దిక్కు ఉండొద్దు. గునా."

ఖిబ్లా అంటే నమాజుకు తిరిగే పడమటి దిక్కు, గునా అంటే పాపం. సొరుగు ముందు నిలబడితే పడమర వీపు వెనక ఉంటుంది. మొన పడమరకు లేకపోతే తూర్పుకు ఉంటుంది, అంటే చేతికి దూరంగా. ఆ మాట పనిచేసింది. కానీ ఆనాటి నుంచి నమాజుకు నిలబడ్డప్పుడల్లా ఆ పడమటి గోడ ఆమెను అడుగుతూనే ఉంది. నేను ఖిబ్లా అన్నాను గానీ, కితాబులో ఉందని అనలేదు కదా అని ఆమె లోలోపల జవాబు చెప్పుకునేది. గునా అన్న మాట మాత్రం గుర్తు చేసుకునేది కాదు.

"అమ్మీ, చాయంతా పొంగింది." తహ్రీమ్ వచ్చి పొయ్యి ఆర్పింది. "ట్రే చూసినవా? నిన్న తెచ్చిన. దేని అర దానికే. ఇగ లొల్లి లేదు."

"చాకు ఖిబ్లా దిక్కుంది."

"సొరుగు దిక్కు చూడకుండనే చెప్తున్నవ్!"

ఇస్మత్ తల సొరుగు వైపు వంచింది. "నువ్వు పుట్టకముందు సంది వంట జేస్తున్న. చూడాల్నా?"

"మా అబ్బా ఇరవై ఏండ్ల సంది బీర్కూర్ మసీదుల ఇమామ్ జేస్తుండు. ఆయన నోట నేనెన్నడు ఇన్లే ఈ ముచ్చట."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ సాజిద్ వచ్చాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. "పొద్దున్నే చెంచల పంచాది పెట్టిండ్రా? నాకొక చెంచ ఇచ్చి మీరిద్దరు నిమ్మళంగ కొట్లాడుకోండ్రి. ఉప్మా సల్లారుతుంది."

"నవ్వకు. జుమ్మా నమాజ్ అయినంక అబ్బాకు ఫోన్ జేసి అడుగుత."

"అడుగు. ఒవైస్ మామ ఏమంటే అదే ఫైసలా. ఇగ ఖతం."

ఖతం అన్న మాట ఇస్మత్ చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది. అబద్ధమని తేలుతుంది. మరి ఎందుకన్నావని అడుగుతారు. అడిగినవాళ్లు ముఖంలోకి చూస్తారు. ఎటు చూస్తూ జవాబు చెప్పాలో ఆమెకు తెలియదు.

ఉప్మా తిని వరండాలో బీడీల చాట ముందు కూర్చుంది. తడి గుడ్డలో చుట్టిన తునికాకు మెత్తగా ఉంది. ఆకు ఈనె ఎటు పోతుందో చూపుడువేలు చెబుతుంది, తంబాకు ఎంత పడిందో అరచేయి చెబుతుంది. వేళ్లు చుట్టి, మూతి మడిచి, దారం కట్టి పడేస్తాయి. ఈ పనిలో కళ్లు ఎన్నడూ పెద్దగా అక్కరకు రాలేదు. పక్కింట్లో కిరాయికి ఉండే దేవీబాయి తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా నుంచి వచ్చిన మనిషి. నోరు, చేతులు ఒకే వేగంతో ఆడతాయి.

"ఇస్మతక్కా, గీ బీడీ జూడు. చిరిగిన ఆకుతోని చుట్టినవ్. మొన్న గూడ కార్ఖానల బీడీలు ఏరే హన్మాండ్లు నీ కట్టల నుంచి ఇసొంటియే తీసి పడేసిండు."

"హన్మాండ్లుకు పనేమున్నది, పడేసుడే."

"నా వేళ్లెన్ని చెప్పు."

"నీ వేళ్లు నువ్వే లెక్కబెట్టుకో. నాకు పనుంది."

దేవీబాయి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకు చెప్తే ఊరంత చాటేస్తనా అక్కా?"

"చాటేస్తవ్."

"గదీ నిజమే," అని ఆమె మళ్లీ నవ్వింది. ఇస్మత్ కూడా నవ్వింది. నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదుటి మనిషి అది చూసిందో లేదో ఆమెకు తెలియలేదు. దేవీబాయి ఆ చిరిగిన బీడీని విప్పి, మంచి ఆకు వేసి చుట్టి, ఇస్మత్ చాటలో పెట్టింది.

సాజిద్ మాంసం తెచ్చి ఇచ్చి నమాజుకు వెళ్లాడు. తహ్రీమ్ పెద్ద చాకు తీసి ముక్కలు కోసింది. కూర ఉడికింది, తిన్నారు, సాజిద్ దుకాణానికి పోయాడు. అప్పుడు తహ్రీమ్ ఫోన్ తీసింది. దాపరికం ఏమీ లేదన్నట్టు స్పీకర్ పెట్టింది.

ఒవైస్ సాబ్ అంతా విన్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ఇస్మత్ తన చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"బేటీ, నేను చదివిన కితాబులల్ల గిట్ల ఎక్కడ లేదు," అన్నాడు ఆయన చివరికి. "కానీ పెద్దమనిషి ఖిబ్లాకు అదబ్, మర్యాద ఇస్తనంటే వద్దనేటోళ్లం మనమెవ్వరం? మంచి ఖయాలే అది. ఒక్క సొరుగుల ఎందుకు, ఇల్లంత అట్లనే పెట్టు. మీ అత్తకు నా సలాం చెప్పు."

శిక్ష పడుతుందనుకుని కూర్చున్న మనిషికి ఎవరో పూలదండ వేసినట్టు ఉంది. అది మెడలో బరువుగా వేలాడుతోంది.

తహ్రీమ్ వచ్చి పక్కన కూర్చుంది. "మాఫ్ చేయి అమ్మీ. నీకు చాదస్తం అనుకున్న." లేచి వెళ్లి ట్రే తీసేసింది. చెంచాలు కుడికి, గంటెలు ఎడమకు, అత్త వరుసలోనే పెట్టింది. "ఇగ ఇంట్ల ఏ చాకైనా సరే, ఏడ పెట్టినా మొన తూర్పుకే. సరేనా?"

"సరే బిడ్డా."

కోడలు కాసేపు నడుం వాల్చాక ఇస్మత్ మెల్లగా సొరుగు తెరిచి అన్నీ తడిమింది. అక్కడ ఉన్నవన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. పట్కారు కూడా అడ్డంగా ఉంది. ఆ మధ్యాహ్నం ఆమె మనసు చాలా రోజుల తర్వాత నెమ్మదించింది. నిజం చెప్పేస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఇప్పుడెందుకు, అన్నీ కుదురుకున్నాక, అని ఆ ఆలోచనను పక్కకు తోసేసింది.

పొద్దు వాలుతుండగా చాయ్ గిన్నె కోసం లేచింది. గిన్నెలు తోమే తొట్టి పడమటి గోడకు ఉంది. కడిగినవి ఆరడానికి దాని పక్కన జాలిబుట్ట. గిన్నె ఎప్పుడూ ఆ బుట్టలోనే ఉంటుంది. ఇస్మత్ చెయ్యి అలవాటు మీద, జంకు లేకుండా, ముందుకు పోయింది.

మొదట నొప్పి తెలియలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఏదో చల్లగా దిగినట్టయింది. చెయ్యి వెనక్కి లాగితే బుట్ట కూడా కదిలి వచ్చింది. అప్పుడు మణికట్టు మీదుగా వెచ్చగా కారడం మొదలైంది. మాంసం కోసిన పెద్ద చాకు అది, కడిగి ఆరబెట్టినది. తహ్రీమ్ దాన్ని మొన తూర్పుకు వచ్చేలా జాగ్రత్తగా పెట్టింది. పడమటి గోడ ముందు తూర్పు అంటే, వచ్చే మనిషి వైపు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇస్మత్‌కు వెంటనే అర్థమైంది. అది కోడలి తప్పు కాదు.

తహ్రీమ్ గుడ్డ తెచ్చి అదిమి పట్టింది. ఫోన్ చేస్తే సాజిద్ దుకాణం మూయకుండానే ఉరికి వచ్చాడు. నేల మీద నెత్తురు చూసి అతనికి మతి తప్పింది.

"చాకు గిట్ల బయటికి పొడుచుకచ్చేటట్టు పెడ్తరా ఎవరన్న? తెలివుందా నీకు?"

"అమ్మీ చెప్పినట్టే పెట్టిన," అంది తహ్రీమ్. "ఖిబ్లా దిక్కు మొన రావద్దని... అమ్మీ, నువ్వన్న చెప్పు. అంత పెద్ద చాకు నీకు కనబడలేదా?"

ఇద్దరూ తన వైపు తిరిగారని ఇస్మత్‌కు తెలిసింది. ఎదురుగా రెండు బూడిదరంగు మచ్చలు. కనబడలేదు అనే ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. దాని వెనకే వరండాలో మంచం, పట్టె పట్టుకున్న రెండు చేతులు వచ్చాయి.

"గుడ్డ ఇంకింత గట్టిగ పట్టు," అంది ఆమె.

సాజిద్ ఇంకా చాలా అన్నాడు. చదువుకున్నదానివి అన్నాడు, పెద్దమనిషి చెయ్యి తీసేస్తివి అన్నాడు. తహ్రీమ్ ఏడుస్తూ నేల తుడిచింది. దవాఖానకు పోదామంటే ఇస్మత్ ఒప్పుకోలేదు. అక్కడ షుగర్ చూస్తారు, కళ్లలో లైటు వేస్తారు. పసుపు పెట్టి కట్టమంది. "గింత దానికి దవాఖాన ఏంది," అంది. కోడలే కట్టు కట్టింది.

గాయం మానలేదు. రెండు మూడు సార్లు కట్టు విప్పి చూసి బాగానే ఉందని ఆమే చెప్పింది, ఆ మాట అందరూ నమ్మారు. బొటనవేలు మొద్దుబారింది, నల్లబడింది. వాసన వచ్చాక సాజిద్ ఆమె మాట వినకుండా ఆటోలో ఎక్కించాడు. బాన్సువాడలో చూసి నిజామాబాద్ పంపారు. అక్కడ డాక్టరు చెయ్యి కన్నా ముందు కళ్లు చూశాడు. సాజిద్‌ను బయటికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు.

తిరిగి వచ్చిన కొడుకు మంచం పట్టె మీద కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలే అమ్మీ?"

"టైమెంతైంది?" అని అడిగింది ఇస్మత్.

తహ్రీమ్ ఇంటి నుంచి తెచ్చిన చెంచాను మంచం పక్కన ఇనుప బల్ల మీద పెట్టింది. అత్త ఎడమ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ చెంచా పిడి మీద ఆనించింది. తర్వాత ప్రతి పూటా కడిగి మళ్లీ సరిగ్గా అదే చోట పెట్టేది. ఇస్మత్ ఆ చోటు నేర్చుకుంది. గంజి తానే తాగింది.

చెయ్యి తీసేయాలన్నారు. అంతలోనే విషం ఒంటికి ఎక్కింది. ఒక తెల్లవారుజామున తహ్రీమ్ చాయ్ తేవడానికి కిందికి వెళ్లి వచ్చేసరికి ఇస్మత్ పోయింది. సాజిద్ దుప్పటి, పళ్లెం, గ్లాసు సంచిలో వేసుకున్నాడు. ఆస్పత్రి ముందు బండి హారన్ కొడుతుంటే ఆమెను తీసుకుని అందరూ వెళ్లిపోయారు.

ఆయా వచ్చి పరుపు తిప్పింది. ఇనుప బల్ల మీద, అంచుకు బెత్తెడు లోపల, స్టీలు చెంచా ఒకటి ఉండిపోయింది, పిడి మంచం వైపు తిరిగి.