బ్లూ సాల్మన్ గడప

విల్ఫ్ పార్డోకి ఆ మధ్యాహ్నం మూడు గంటల తీరిక దొరికింది. రెండేళ్లలో అలా దొరకడం అదే మొదలు. మరదలు ఎనిడ్ బస్సు దిగి వచ్చి, "అక్క దగ్గర నేనుంటాను. నువ్వు ఎటైనా పో బావా. ఐదింటిదాకా నీ మొహం చూపించకు" అని, కోటు చేతిలో పెట్టి తలుపేసేసింది.

ఎటైనా అంటే ఎటు? డెబ్బై రెండేళ్లొచ్చాయి, దిగుడు దారిలో మోకాళ్లు సలుపుతున్నాయి. భార్య నెస్టాకి మతిమరుపు జబ్బు. తెల్లారకముందే లేచి, బడికి వేళైపోయిందంటూ బూట్లు వెతుక్కుంటుంది. బడిలో పాఠాలు చెప్పడం మానేసి పన్నెండేళ్లయిందని ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి విన్నట్టే ఏడుస్తుంది. అందుకని చెప్పడం మానేసి, తనూ లేచి బూట్లు వెతికేవాడు. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

సెవర్న్ నది ఒడ్డుకు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. రేవు దగ్గర బెంచీ తడిసిపోయింది. చర్చికి తాళం. గ్రంథాలయం బుధవారాలు తెరవడం ఎప్పుడో ఆపేశారు. ఆ వరసలో తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, బ్లూ సాల్మన్ పబ్బుది.

ఆ తలుపు విల్ఫ్‌కి కొత్త కాదు. పోస్ట్‌మాన్ ఉద్యోగంలో చివరి పద్నాలుగేళ్లు రోజూ పొద్దున్నే దాని చీలికలోంచి ఉత్తరాలు లోపలికి తోశాడు. సంతకం కావలసిన పార్శిలేదైనా వస్తే కిటికీ కొట్టి, కిటికీలోంచే సంతకం పెట్టించుకునేవాడు. గడప మాత్రం తొక్కలేదు. తొక్కొద్దన్నారు గనక.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆ ఏడు వరదకి నది పబ్బు కౌంటర్ ఎత్తుదాకా వచ్చింది. యజమాని క్లెమ్ హాడ్లీ మూడు వారాలు బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, మళ్లీ తలుపులు తీశాడు. రేవుపేటంతా వచ్చింది. మొదటి పింటు గ్లాసు బీరు విల్ఫ్ చేతికే ఇచ్చాడు. విల్ఫ్ ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "క్లెమ్, నది ఇంకా పూర్తిగా పోలేదురోయ్!" అన్నాడు. పబ్బు పబ్బంతా గొల్లుమంది. క్లెమ్ నవ్వలేదు. కౌంటర్ చుట్టూ తిరిగొచ్చి, విల్ఫ్ చేతిలో గ్లాసు లాక్కుని, "బయటికి నడు. బతికుండగా మళ్లీ ఈ గడప తొక్కావంటే చూడు" అన్నాడు.

విల్ఫ్ నడిచాడు. అంతే. అన్నవాడు వెనక్కి తీసుకోలేదు, పడ్డవాడు అడగలేదు.

ఇప్పుడు వాన జోరందుకుంది. గుమ్మం ముందు నిలబడ్డ విల్ఫ్‌కి పంతం గుర్తుంది గానీ, దాన్ని మోసే ఓపిక కాళ్లలో లేదు. తల వంచుకుని లోపలికి అడుగేశాడు.

లోపల నలుగురే ఉన్నారు. కౌంటర్ వెనక క్లెమ్ కూతురు హేజెల్ గ్లాసులు తుడుస్తోంది.

"రా బాబాయ్, నిలువునా తడిసిపోయావే! ఏం పొయ్యమంటావ్?"

"ముందే చెబుతున్నానమ్మా, నన్ను ఇక్కడికి రావద్దన్నారు."

"ఎవరన్నారు?"

"మీ నాన్న."

హేజెల్ గుడ్డ కింద పెట్టి, చలిమంట వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "నాన్నా! ఈయన్ని నువ్వు రావద్దన్నావట!"

మంట పక్క కుర్చీలో దుప్పటి కప్పుకున్న ముసలాయన మెల్లగా తల తిప్పాడు. క్లెమ్‌కి ఎనభై నాలుగు దాటాయి. చెంపలు లోపలికి పోయాయి, కళ్లు మాత్రం అవే.

"ఎవణ్ణి?"

"విల్ఫ్‌ని."

"పోస్ట్‌మాన్ విల్ఫా?" క్లెమ్ కాసేపు ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా?"

విల్ఫ్‌కి ఒళ్లు మండింది. "నువ్వే గదా పొమ్మన్నావు! బతికుండగా గడప తొక్కొద్దని నలుగురిలో అన్నావు."

"అన్నానులే. నేను అందరితోనూ అంటాను. అదిగో, ఆ టామ్ బిడిల్ని నాలుగుసార్లు అన్నాను. వాడు వారం తిరక్కుండా వచ్చి కూర్చునేవాడు, సిగ్గులేని వెధవ."

మూలనున్న టామ్ బిడిల్ సరిదిద్దాడు. "ఐదుసార్లు. నా పెళ్లినాడు అన్నది మర్చిపోయావు."

"నువ్వు సోమవారం వస్తావనుకున్నా" అన్నాడు క్లెమ్. "రాలేదు. ఆ తర్వాత సోమవారం కూడా చూశా. పొద్దున్నే వచ్చి, కుక్కకి ఎముక పారేసినట్టు ఉత్తరాలు పారేసి పోయేవాడివి. తలుపు తీసి పిలుద్దామా అనుకునేవాణ్ణి. అంత పొగరుబోతుని నేనెందుకు పిలవాలి అని ఊరుకునేవాణ్ణి."

"పొగరు నాదా?"

"నీది కాక నాదా?"

హేజెల్ పింటు తెచ్చి బల్ల మీద పెట్టి, కుర్చీ మంట దగ్గరికి లాగింది. విల్ఫ్ కూలబడ్డాడు. కోటు నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. క్లెమ్ అతని వైపు వంగాడు.

"ఇంకో మాటరా. ఆరోజు నువ్వన్నది నిజమే. నేలమాళిగలోకి నీళ్లెక్కి పీపాలు పాడయ్యాయి. మీరంతా వెళ్లాక తాగి చూశాను. మూడు పీపాలు నదిలో పారబోశాను."

విల్ఫ్ గ్లాసు ఎత్తబోయినవాడల్లా ఆగిపోయాడు. తిట్టాలనుంది. ఇరవై రెండేళ్లు! తోటివాళ్లు తను లేకుండానే పింఛను కబుర్లు ఇక్కడ చెప్పుకున్నారు, కూతురు పెళ్లి కుదిరితే అందరికీ పోయించాలనుకున్న పింట్లు పోయించనే లేదు, నెస్టాకి జబ్బని తెలిసిన రోజు ఎవరి పక్కనా కూర్చోలేక వంతెన మీద ఒక్కడే నిలబడ్డాడు. ఇవన్నీ గొంతుదాకా వచ్చాయి. కానీ తిట్టాలన్నా ఓపిక కావాలి.

"బీరు ఇప్పుడెలా ఉంటోంది?" అని మాత్రం అడిగాడు.

"తాగి చెప్పు. ఆలోచించి చెప్పు."

రెండు గుక్కలు తాగాడు. బాగుందని చెప్పాలనుకున్నాడు. మంట వెచ్చగా ఉంది, మూలన టామ్ వాళ్లు ఆడుతున్న డామినో బిళ్లల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. తల కుర్చీకి ఆన్చాడు. ఆ తర్వాత అతనికి ఏమీ తెలియదు.

లేచేసరికి హేజెల్ భుజం తడుతోంది. "బాబాయ్, నాలుగున్నరైంది. ఐదింటికి ఇంటికెళ్లాలని కలవరిస్తున్నావు." క్లెమ్ దుప్పటి విల్ఫ్ ఒళ్లో ఉంది. క్లెమ్ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"గురకతో కప్పు ఎగిరిపోయేలా ఉంది" అన్నాడు టామ్. "క్లెమేమో మమ్మల్ని నోరెత్తనివ్వలేదు. ఆటంతా సైగలతోనే ఆడాం."

"గురువారాలు మాకు డామినోలకి ఒక మనిషి తక్కువ" అన్నాడు క్లెమ్, ఎటో చూస్తూ.

"నాకు కుదరదు క్లెమ్. నెస్టాని వదిలి రాలేను."

"తీసుకురా."

"ఒక్కోసారి అరుస్తుంది. మనుషుల్ని గుర్తుపట్టదు."

"ఇక్కడ మాత్రం ఎవడు గుర్తుపడుతున్నాడు? నిన్ను నేను గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టిందో చూశావుగా."

విల్ఫ్ కోటు గుండీలు పెట్టుకుని ఎగుడు దారి పట్టాడు. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. గంటన్నర నిద్రకే ఒళ్లు తేలికపడలేదు గానీ, ఎంత అలసిపోయాడో ఇప్పుడు బాగా తెలుస్తోంది.

రెండు వారాలు పోయాక ఒక గురువారం నెస్టాని తీసుకెళ్లాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, నీళ్ల మీద హంసల్ని లెక్కపెట్టింది. టామ్ బిడిల్ని పాత విద్యార్థి అనుకుని, గోళ్లు శుభ్రంగా లేవని మందలించింది. టామ్ లేచి వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు. ఆ పై వారం వంతెన దగ్గరే ఏడుపు లంకించుకుంది, ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆ తర్వాత అలాగే సాగింది. కొన్నిసార్లు వెళ్లేవాళ్లు, కొన్నిసార్లు సగం దారి నుంచి తిరిగొచ్చేవాళ్లు. వెళ్లిన రోజుల్లో విల్ఫ్ ఒక ఆట ఆడి, ఓడిపోయి, కాసేపు కళ్లు మూసుకునేవాడు. అప్పుడు నెస్టా చేతిని హేజెల్ పట్టుకుని కూర్చునేది.