పేరుకే ఉన్న చెవి

సముద్రం చూడ్డానికి వెళ్తూ మా పెద్దమ్మా పెదనాన్నా నన్ను కూడా రమ్మన్నారు. సామాన్లు మొయ్యడానికేమో అనుకున్నాను. మాటలు మొయ్యడానికని బస్సు కదలగానే తెలిసింది.

"కిటికీ వెయ్యమని మీ పెదనాన్నతో చెప్పు" అంది పెద్దమ్మ. ఆయన ఆవిడ పక్కనే, భుజం తగిలేంత దగ్గర్లో కూర్చున్నాడు. నేనేమో వెనక సీట్లో ఉన్నాను. మెడ చాచి చెప్పాను. ఆయన కిటికీ వేసి, పెద్దమ్మ వైపు తిరిగి చక్కగా నవ్వాడు. ఆ నవ్వు చూడగానే పెద్దమ్మ మొహం గంటు పెట్టుకుంది.

దారి పొడుగునా ఇదే వరస. ఆవిడ నాకు చెప్పడం, నేను ఆయనకు అందించడం, ఆయన నవ్వడం, ఆవిడ మండిపోవడం. పోస్టాఫీసు వాళ్ళయినా మధ్యలో కాసేపు కునుకు తీస్తారు, నాకు ఆ భాగ్యం కూడా లేకపోయింది.

లాడ్జి గదికి ఉప్పు గాలికి ఉబ్బిపోయిన తలుపు ఒకటి ఉంది. భుజంతో తోస్తే తప్ప పడదు. పెదనాన్న స్నానానికి వెళ్ళాక పెద్దమ్మ ఆ తలుపు తోసేసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టింది.

"ఇక్కణ్ణించి నేను ఇంటికి రాను. మీ అక్క దగ్గరికి పోతాను. ఇంక అక్కడే ఉండిపోతాను. ఆయనకు చెప్పకు."

"ఇప్పుడేమైంది పెద్దమ్మా?"

"నా మాట ఆయనకి అక్కర్లేదు. అక్కర్లేని చోట మాట్లాడీ మాట్లాడీ నా నోరు పడిపోయింది."

అప్పటిదాకా నాకు వేడుకగా ఉన్న ప్రయాణం కాస్తా ఒక్కసారిగా బరువైపోయింది. చిన్నప్పుడు సెలవులన్నీ వాళ్ళింట్లోనే గడిపాను. ఆ ఇద్దరూ చెరో ఊళ్ళో ఉండటమన్న ఆలోచనకే నాకు భయం వేసింది. అక్కకి, అంటే వాళ్ళ కూతురికి, ఈ విషయం ముందే తెలిసినట్టుంది, గది కూడా సర్దేసిందట.

సాయంత్రం ఒడ్డున నడుస్తున్నప్పుడు పెద్దమ్మ ఆగింది. "కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అంది ఆయనతోనే, నా మీదుగా కాకుండా. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అవునవును, గాలి భలేగా ఉంది" అంటూ ఆయన ముందుకు నడిచాడు.

పెద్దమ్మ నా వంక చూసింది. నేను ఇసక వంక చూశాను. ఇంత మొండిఘటం ఏమిటీయన అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే, పనిలో పని, ఘటాలు చేసే చోటుకే ఇద్దర్నీ లాక్కెళ్ళాను. కొత్తవి చూస్తే పాత గొడవలు మర్చిపోతారేమోనని నా ఆశ.

పడవలు బాగుచేసే వీధి దాటగానే ఉంది ఆ రేకుల షెడ్డు. ఒక మొగుడూ పెళ్ళాం నడుపుతున్నారు. కుమ్మరాయన తిరిగే సారె ముందు కూర్చుని జాడీలు మలుస్తుంటే, ఆవిడ వాటికి పట్టుకోవడానికి పిడులు అతికిస్తోంది. ఆ షెడ్డులో పిడిని పిడి అనరు, చెవి అంటారు. చెవులే కాదు, మూతి, మెడ, భుజాలు, పొట్ట, అన్నీ ఉన్నాయి వాళ్ళ జాడీలకి.

"దీనికి పొట్ట మరీ ఎక్కువైంది, నడుం ఎక్కడుందో తెలీడం లేదు" అన్నాడు కుమ్మరాయన, చేతిలో పచ్చి జాడీని తిప్పుతూ. పక్కనే నిలబడ్డ పెద్దమ్మ చటుక్కున ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంది. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగిపోయాను.

పెదనాన్న ముందు వరసలో ఉన్న రెండు చెవుల జాడీ దగ్గర వంగి చూస్తున్నాడు. కుమ్మరావిడ మట్టి చేతులు తుడుచుకుంటూ ఆయన ఎడం పక్కకు వచ్చి, ఆ జాడీని వేలితో తట్టి చూసి, మొగుణ్ణి నిలదీసింది.

"కుడి చెవి పేరుకే ఉంది. పైకి బాగానే కనిపిస్తుంది గానీ దేనికీ పనికిరాదు. ఇలా ఎన్నాళ్ళు దాస్తారు? నమ్ముకున్నవాళ్ళకి ఉన్నమాట చెప్పేస్తే పోయేదానికి?"

పెదనాన్న మెల్లగా నిటారుగా లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీకెలా తెలిసిందమ్మా?"

"తట్టి చూస్తే తెలిసిపోదూ?"

ఆయన చెయ్యి అప్రయత్నంగా కుడి చెవి మీదికి వెళ్ళింది. "తట్టక్కర్లేదు, ఒప్పుకుంటున్నాను. ఆమధ్య జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ ఈ చెవికి ఒక్క ముక్క వినపడ్డం లేదు. మా ఆవిడకు చెప్పలేదు."

కుమ్మరి దంపతులు ఆయన్నీ జాడీనీ మార్చి మార్చి చూశారు. సారె దానంతటదే తిరిగి తిరిగి ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది పెద్దమ్మ.

"ముసలాణ్ణైపోయానంటావని."

"కాకపోతే కుర్రాడంటానా?" అంది గానీ ఆ గొంతులో పదును లేదు. మంచం మీదా, బస్సులో, వీధిలో ఆవిడ చోటు ఎప్పుడూ ఆయన కుడిపక్కే. అది ఆవిడకూ అప్పుడే తట్టినట్టుంది. "మరి నేనేం చెప్పినా నవ్వేవారేం?"

"నీ పెదాలు కదిలేవి. ఏమంటున్నావో తెలిసేది కాదు. నవ్వితే గండం గడుస్తుందిలే అనుకునేవాణ్ణి."

పెద్దమ్మ జాడీ కుడి చెవిని వేలితో తడిమింది. "పొట్టి పోయిందని చెప్పినప్పుడు కూడా నవ్వారు. నవ్వి, మంచిదేలే అన్నారు."

పొట్టి అంటే పెద్దమ్మకి పలక పట్టుకున్ననాటి నుంచి స్నేహితురాలు. వచ్చినప్పుడల్లా పెదనాన్నని ఏడిపించి, ఆయన చేత టీ పెట్టించుకుని తాగి వెళ్ళేది. ఆవిడ పోయిన సంగతి మా అందరికీ తెలుసు. అందరికీ అంటే ఆయనకి తప్ప.

"పొట్టి పోయిందా?" అన్నాడు పెదనాన్న. "ఎప్పుడు? మొన్ననే కదే అడిగాను, పొట్టి ఈమధ్య రావడం లేదేమని. నువ్వు విసురుగా లేచి వెళ్ళిపోయావు."

బోర్లించిన కుండ ఒకటి పక్కనే ఉంటే దాని మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

కుమ్మరావిడ కంగారుపడిపోయింది. "అయ్యో, ఒక్క చెవే కదండీ బాబుగారూ, పీకేసి ఇంకోటి అతికిస్తాను. జాడీకోసం ఇంత బాధేమిటి?"

పెద్దమ్మ ఫక్కున నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. తరవాత పెదనాన్న పక్కన నేలమీదే చతికిలపడి, "ఆ రోజు పొద్దున్న వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడండీ..." అని మొదలుపెట్టింది.

"ఉండు" అని ఆయన కుండ మీద మొత్తం అటు తిరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. మొదట్నించీ చెప్పు."

ఆవిడ చెప్పింది. ఆయన ప్రతిదానికీ ప్రశ్న వేశాడు. నొప్పి పడిందా, చివర్లో ఎవరున్నారు, నిన్ను తలుచుకుందా అని. కుమ్మరాయన ఇంకో కుండ బోర్లించి పెద్దమ్మని దాని మీద కూర్చోమన్నాడు గానీ ఆవిడ వినిపించుకోలేదు.

ఎండ ముదిరాక లేచాం. వీధి మలుపులో పెద్దమ్మని పక్కకు లాగి, "అక్కకి ఏం చెప్పమంటావు? గది సర్దేసి నీకోసం చూస్తోంది" అన్నాను.

"రావట్లేదని చెప్పు" అంది పెద్దమ్మ. "పొట్టి గురించి ఈయనకి సగమే చెప్పాను."