తిమింగలం సాక్ష్యం

ఓడెక్కిన రెండో రోజుకే ప్రేమమ్మకు సముద్రం మొహం మొత్తింది. విశాఖలో ఎక్కినప్పటి నుంచీ కడుపులో తిప్పుతూనే ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో మరిది కూతురి పెళ్ళి కాకపోతే బందరు దాటి ఇంత దూరం వచ్చేదే కాదు. పైగా మొగుడు విల్సన్ ఆమెను కింద పడుకోనివ్వడు. డెక్కు మీద కూర్చోబెట్టి, "పిట్టలు ఒకేచోట ముసిరితే వాటి కింద చూడు" అంటాడు. ఆయనకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. చూడాల్సిందల్లా ఈవిడే.

ఆయన వెతుకుతున్నది తిమింగలాన్ని. కుర్రతనంలో వడ్రంగిపనికి ఈ దారినే వెళ్తూ ఒకదాన్ని చూశాడట. బందరు తిరిగొచ్చాక చర్చిలో సాక్ష్యాల వేళ, జ్వరం తగ్గిందని ఒకరూ ఉద్యోగం వచ్చిందని ఒకరూ దేవుడికి స్తోత్రం చెబుతుంటే, ఈ మహానుభావుడు లేచి, "దేవుడు నాకు తిమింగలాన్ని చూపించాడు" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. బైబిల్లో పెద్ద చేప కడుపులోకి పోయిన యోనా పేరు తగిలించి యోనా విల్సన్ అన్నారు. ఆయన మళ్ళీ ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు. నిజానికి ప్రేమమ్మా నమ్మలేదు. ఏ పెద్ద అలనో చూసి భ్రమపడి ఉంటాడనుకుంది.

మధ్యాహ్నానికి ఎండ మాడు పగలగొడుతోంది. తెల్లపిట్టలు ఓడ వెంట వస్తున్నాయే తప్ప ఎక్కడా ముసరడం లేదు. ఆమెకు ఒళ్ళు తూలిపోతోంది.

"కనపడిందా?" మళ్ళీ అడిగాడు విల్సన్.

"ఆఁ, చూశాను. ఇక కిందికి పోదాం పదండి."

ఆయన లేచి ఆమె భుజం పట్టుకున్నాడు. "అయితే ఇంటికెళ్ళాక ఆదివారం నువ్వే లేచి చెప్పు ప్రేమా. నీ మాటైతే నమ్ముతారు."

కింద ఆయన పడుకున్నాడు. ఆమెకు కునుకు పట్టలేదు. మొగుడికి అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, దేవుడి ముందు నిలబడి చెప్పడం ఒక ఎత్తు. ఏడుపొచ్చేంత అలసటతోనే లేచి, మళ్ళీ పైకెళ్ళి నీళ్ళవంక చూస్తూ కూర్చుంది.

పొద్దువాలే వేళకి విల్సన్ రెయిలింగు తడుముకుంటూ వచ్చాడు.

"నువ్వు చూళ్ళేదని నాకప్పుడే తెలుసులేవే. సాక్ష్యం మాటెత్తితే నిజం కక్కేస్తావనుకున్నా."

"ఎలా తెలిసిందండీ?"

"దాన్ని చూసినోళ్ళెవరూ కిందికి పోదామనరు. ఆరోజు నేను అన్నానిక్కూడా దిగలేదు. మళ్ళీ లేస్తుందేమోనని ఇలాంటి కమ్మీయే పట్టుకుని అలాగే నిలబడ్డా."

ప్రేమమ్మ ఆయన వైపు తిరిగింది. అలను చూసి భ్రమపడ్డ మనిషి మాట కాదది. ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తింటూ, ఊరితో పాటు తానూ ఆయన్ని నమ్మలేదు. సిగ్గుతో ఆమెకు కళ్ళనీళ్ళొచ్చాయి.

"మీరు చూశారండీ," అంది. "ఆదివారం లేచి ఆ మాటే చెబుతాను. మా ఆయన చూశాడని."

"నవ్వుతారే."

"నవ్వనివ్వండి."

ఆయన తడుముకుని పక్కన కూర్చున్నాడు. ఆమెకు కడుపులో తిప్పడం ఆగలేదు, నడుం నిలవడం లేదు.

"బాగా అలిసిపోయావు. కిందికి పోదామా?" అన్నాడు.

"ఇంకాసేపు ఉందాం," అంది ప్రేమమ్మ.