పోయొస్తా

ఒమాన్ దేశం సలాలాలోని ఆ ఇంట్లో జైనబీ పని రోజూ ఒకటే. పొద్దున రొట్టెలు, తర్వాత ఇల్లు తుడవడం, బట్టలు ఉతకడం, పదకొండుకి చేపలు కడిగి అన్నం పొయ్యి మీద పెట్టడం. ఎనిమిదేళ్ళుగా ఇంతే. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళందరూ "మామా" అంటారు. మా కడపలో మామకి మీసాలుంటాయి కదా అని జైనబీ మొదట్లో నవ్వుకునేది. ఇప్పుడు నవ్వడానికీ ఓపిక లేదు.

ఒంటిగంటకి మామా భర్త వచ్చి భోజనాల కుర్చీలో కూర్చునేవాడు. ఆయన్ని బాబా అంటారు. బాబా చనిపోయి పధ్నాలుగు నెలలయింది.

దయ్యాల కథలు రాసేవాళ్ళు అర్ధరాత్రినీ కుక్క ఏడుపునీ తెచ్చిపెట్టి గానీ చచ్చినవాణ్ణి గడప దాటనివ్వరు. ఈయనకి అవేం అక్కర్లేదు. పట్టపగలు, నమాజు అయ్యాక, చెప్పులు బయట విడిచి వచ్చేవాడు. తినడు, మాట్లాడడు. మామా ఆయన కంచంలో ముళ్ళు తీసిన చేప పెడుతూ పక్కింటి మేకల మీద ఫిర్యాదులు చెప్పేది. డ్రైవర్ ఇస్రాయేలుది అమలాపురం వైపు, ప్రార్థన కూటం తప్పని మనిషి. అతనూ "బాబాగారు వచ్చేశారా?" అని అడిగి కారు తుడుచుకునేవాడు.

తప్పు జైనబీదే. ఆస్పత్రికి బయల్దేరిన రోజు బాబా అరబ్బీలో "పోతున్నా" అన్నాడు. ఆమె మనసు ఒప్పుకోలేదు.

"అట్ల అనకూడదు బాబా. పోయొస్తా అనాల," అని నేర్పింది.

ఆయన బుద్ధిగా తెలుగులోనే "పోయొస్తా" అన్నాడు. మూడో రోజు ఆయన్ని పూడ్చారు. నాలుగో రోజు భోజనానికి వచ్చాడు.

ఇప్పుడు జైనబీ ఊరికి పోవాలి, ఇక రాకుండా. కూతురు నసీమా బిడ్డ అప్పుడే బడికి పోతోంది. ఆ పిల్లని ఆమె ఒక్కసారీ ఎత్తుకోలేదు. వీసా రద్దయింది, టికెట్ వచ్చింది, గుమ్మం ముందు కారుంది. పాస్‌పోర్టు మాత్రం మామా గుప్పిట్లో ఉంది.

"ఆ మాట చెప్పు, ఇస్తా," అంది మామా. ఆమెకి తెలుగులో వచ్చింది ఆ ఒక్క మాటే. "పోయొస్తా అను."

జైనబీ భోజనాల కుర్చీలో కూర్చున్న బాబా వైపు చూసింది.

"అనేసి వచ్చేయండి జైనబక్కా, ఫ్లైటుకి టైమైపోతోంది," అన్నాడు ఇస్రాయేలు గుమ్మంలోంచి.

"అంటే రావాల తమ్ముడూ. చచ్చినా ఈడికే రావాల. నా బిడ్డ నన్ను పూడ్చి ఇంటికి పొయ్యేసరికి, నేనీడ చేపలు కడుగుతా ఉంటా."

మామా చెడ్డదేం కాదు. పిల్లల్లేరు, చుట్టాలు రారు.

"ఆయన పలకడు," అంది నీరసంగా. "నువ్వు కనీసం విసుక్కుంటావు."

జైనబీకి జాలేసింది. జాలిపడితే సగం ఒప్పుకున్నట్టే. మాట నాలిక చివరికొచ్చింది.

"పో," అన్నాడు బాబా.

పధ్నాలుగు నెలల్లో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "పో, జైనబీ."

జైనబీ వంటింటి కిటికీలోంచి పక్కింటి మేకల్ని అదిలిస్తుంటే ఆయన విన్న మాట అది. మనిషిని సాగనంపేటప్పుడు పోయిరా అనాలి గానీ, ఒట్టి పో అనకూడదు. జైనబీని చాలామంది అలా అన్నారు. ఇంత ప్రేమగా మాత్రం ఎవరూ అనలేదు. ఆమెకి ఏడుపొచ్చింది.

మామా ఇస్రాయేలు వైపు తిరిగింది. "ఏమన్నాడు?"

"వెళ్ళమన్నారు మామా."

"ఆ మాటలో తిరిగి రావడం లేదా?"

"లేదు మామా."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన మాట మామా ఎన్నడూ కాదనలేదు. గుప్పిట విప్పింది. జైనబీ పాస్‌పోర్టు తీసుకుని, ఆ ముసలి చేతిని కాసేపు పట్టుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. కుర్చీలో ఆయన కూడా బాగా అలిసిపోయి ఉన్నాడని ఇన్నాళ్ళకి ఆమెకి తోచింది.

"నువ్వూ పో, బాబా," అంది.

బాబా లేచాడు. ఈసారి ఏమందని మామా ఎవరినీ అడగలేదు.