అల్లాబక్షు ఎస్టేటు

మద్రాసు నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చిన రోజున సర్దార్‌బీ తమ్ముడి కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి ఆ ఉత్తరంలోని ఒక్క మాట ఆమెను నిలవనివ్వలేదు.

అల్లాబక్షు పదేళ్ల కిందట పర్చూరు పక్కనున్న ఆ ఊరు వదిలి, మద్రాసులో ఎవరో దొర కారు నడపడానికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. అయిదు నెలల కిందట జ్వరంతో పోయాడనీ, అతని ఎస్టేటు సంగతి తేల్చుకోవడానికి అక్కగారు రావాలనీ ప్లీడరు రాశాడు. చదివిపెట్టింది మిషన్ బడి సంజీవరావు మాస్టారు.

“ఎస్టేటంటే జమీందారీ కదండీ?” అంది సర్దార్‌బీ. ఎస్టేట్లు సర్కారు తీసేసుకుంటోందని ఊరంతా ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న మాటే అది.

“అదొక అర్థం. పోయినవాళ్లు వదిలివెళ్లింది ఏదైనా ఇంగ్లీషులో ఎస్టేటేనమ్మా. పాత సైకిలైనా సరే.”

సైకిలును ఎస్టేటనేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? పైగా రెండో పేజీ దగ్గర మాస్టారి గొంతు తడబడింది. “మిగతాది అక్కడికెళ్లాక చూద్దాం. నేనూ తోడొస్తాను,” అంటూ కాగితం మడిచేశాడు.

“ఊరికే ఎందుకొస్తాడే?” అంది పక్క సాలులో మిరపకాయలు కోస్తున్న సుబ్బరావమ్మ. “ఏమన్నా చెయ్యి గానీ వేలిముద్ర మాత్రం వెయ్యమాక.”

చీరాలలో రైలెక్కాక సర్దార్‌బీ ఉత్తరం రవికలో దోపుకుని కూర్చుంది. మాస్టారు కొనిచ్చిన ఇడ్లీ ముట్టలేదు.

ప్లీడరు వరండాలో అల్లాబక్షు వదిలివెళ్లిన కుట్టుమిషనూ, ఒక ట్రంకుపెట్టే ఉన్నాయి. పెట్టె మీద ఒకామె బిగదీసుకుని కూర్చుంది. నెల్లూరు మనిషి, పేరు కరీమున్. అల్లాబక్షు భార్య.

సర్దార్‌బీ గిర్రున తిరిగింది. “మాస్టారూ, ఈ సంగతి రెండో పేజీలో ఉందా?”

“ఉందమ్మా. తమ్ముడు పోయాడని ఏడుస్తున్నదానివి. నీతో మాటైనా చెప్పకుండా నిఖా చేసుకున్నాడని ఏ నోటితో చెప్పను?”

“అయితే దాచారన్నమాటే!”

“దాచాను,” అన్నాడాయన తల దించుకుని.

ఈలోగా కరీమున్ పెట్టె మీద నుంచి లేవకుండానే అడిగింది: “నిజం చెప్పు వదినా. కాయితంలో ఎస్టేటని రాసుందంట. మీ ఊళ్లో ఆయనకు ఎన్నెకరాల మిరప చేలున్నాయి?”

సర్దార్‌బీ తన అరచేతులు చూపించింది. కాయల ఘాటుకు వేళ్లు పొక్కి ఉన్నాయి. “నేను కూలికి పోయే చేలే అన్నీ,” అంది.

కరీమున్ నమ్మలేదు. నమ్మలేదని ముఖంలోనే తెలుస్తోంది. సర్దార్‌బీ మిషను ఆమెకే వదిలేసి, పెట్టెలోంచి తమ్ముడి ఖాకీ కోటొక్కటి తీసుకుని వచ్చేసింది.

పది రోజులు తిరక్కుండానే కరీమున్ చెప్పాపెట్టకుండా ఊళ్లో బస్సు దిగింది. మూడు రోజుల పాటు డొంకలన్నీ తిరిగి, కనపడ్డ ప్రతి చేనూ చూపించి ఎవరిదని వాళ్లనీ వీళ్లనీ అడిగింది. ఒక్కటీ అల్లాబక్షుది కాలేదు. నాలుగో రోజున ఏమనుకుందో, సర్దార్‌బీ వెంట కోతకు వచ్చింది.

పొద్దువాలేసరికి చేతులు భగభగ మండిపోయి గుమ్మంలో కూలబడింది. “నువ్వు చెప్పింది నిజమేలే వదినా,” అంది.

సర్దార్‌బీ లోపల్నించి మజ్జిగ తెచ్చి ఆ చేతుల మీద పోసింది.